మూడో బేస్ జాగ ఎవలిది?

2025 మార్చిల ఒక ఆదివారం కటింగ్‌కని లారెన్స్ పోయిన. బోస్టన్‌కు ఉత్తరం దిక్కున్న పాత బట్టల మిల్లుల ఊరు అది. ఇప్పుడు ఆడ ఎటు చూసినా డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినోళ్లే. నేనుండేది పక్క ఊర్లనే. మా అపార్ట్‌మెంట్ల తెలుగోళ్లందరం ఆ షాపుకే పోతం. పైసలు తక్కువ, ముచ్చట ఎక్కువ. ఆ దినం కుర్చీల కూసున్నోళ్లు, కత్తెర పట్టుకున్నోళ్లు, లైన్ల ఉన్నోళ్లు అందరు స్పానిష్‌ల ఒక్కటే లొల్లి. నాకు స్పానిష్ రాదు. "తెర్సెరా, తెర్సెరా" అన్న మాట ఒక్కటే చెవుల పడ్డది. తెర్సెరా అంటే మూడోది. మూడో బేస్.

నాకు కటింగ్ చేసే పెద్దమనిషి నా తలకాయ వంచి పట్టుకొని వచ్చీరాని ఇంగ్లీషుల అడిగిండు: "నువ్వు చెప్పు. ఎనిమిదేండ్ల సంది నువ్వు పండుకునే మంచం మీద చుట్టమొచ్చి పండుకున్నడు. నిన్ను బయట పండుకోమన్నరు. నవ్వుకుంట పోతవా?"

పోను అన్న.

"మరి డెవర్స్ ఎందుకు పోవాలె?"

మెడ కాడ కత్తి ఉన్నప్పుడు ఎదురు చెప్పుడు తెలివైన పని కాదు కాబట్టి ఊకున్న. గని ఆ పంచాయితీల నా తీర్పు వేరే ఉన్నది. ఈడ చెప్త.

అప్పటికి ఇంక పది పన్నెండు రోజులైతే బోస్టన్ రెడ్ సాక్స్ టీం 2025 సీజన్ మొదలయ్యేది ఉండె. మార్చి 27న టెక్సస్‌ల మొదటి ఆట. 162 ఆటల సీజన్. అప్పటికీ ఇన్‌ఫీల్డ్‌ల ఎవలు ఏ జాగల నిలవడ్తరో గట్టిగ చెప్పేటోడు లేకుండె. ఫ్లోరిడాల ఫోర్ట్ మైయర్స్‌ల నెల రోజుల సంది టీం ప్రాక్టీస్ చేస్తున్నది, గని ప్రాక్టీస్ కంటె పంచాయితే ఎక్కువ నడిచింది. మీకు బేస్‌బాల్ తెల్వకపోయినా పర్వాలేదు. కొలువు, మాట, ఇజ్జత్, ఈ మూడు తెలిస్తే చాలు. ఆట ముచ్చట రెండు ముక్కలల్ల నేను చెప్త.

బ్యాట్ పట్టినోడు నిలవడే జాగను హోమ్ అంటరు. ఆడికెళ్లి కుడి చేతి దిక్కు 90 అడుగుల దూరంల మొదటి బేస్, ఎదురుంగ రెండోది, ఎడమ దిక్కు మూడోది. ఈ మూడు బేస్‌ల కాడ కాపలా ఉండే ముగ్గురు, రెండో బేస్‌కు మూడో బేస్‌కు నడుమ నిలవడే షార్ట్‌స్టాప్, ఈ నలుగురు ఇన్‌ఫీల్డ్. నేల మీద దొర్లుకుంట వచ్చిన బంతిని పట్టి, కొట్టినోడు ఉరికి మొదటి బేస్ తొక్కకముందే ఆడికి విసరాలె. ఉరికేటోనికి నాలుగు, నాలుగున్నర సెకన్లు పడ్తది. మూడో బేస్ నుంచి మొదటి బేస్‌కు విసురుడు 127 అడుగులు. బంతి ఒక్కసారి చేతుల తడవడ్డదా, ఇగ అంతే సంగతి. మూడో బేస్ అంటే మన క్రికెట్ల సిల్లీ పాయింట్ అనుకోండ్రి. గంటకు 160 కిలోమీటర్ల వేగంతోని వచ్చే బంతికి ముప్పావు సెకను టైం కూడా దొరకది.

ఇంకొక జాగ ఉన్నది, డిజిగ్నేటెడ్ హిట్టర్. డీహెచ్ అంటరు. బంతి విసిరే పిచర్ బదులు బ్యాటింగ్ చేస్తడు, ఫీల్డింగ్ చెయ్యడు. మన ఐపీఎల్ల 2023ల వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్‌కు జర దగ్గరి చుట్టం. అమెరికన్ లీగ్‌ల ఈ పద్ధతి 1973 సంది నడుస్తున్నది. కొందరికి అది సుఖమైన కొలువు. ఇంకొందరికి చెయ్యి కట్టేసి మూలకు కూసోవెట్టినట్టు.

ఇప్పుడు మనిషి ముచ్చట. రఫాయెల్ డెవర్స్, 2025 మార్చికి వయసు 28. డొమినికన్ రిపబ్లిక్ పోరడు. 16 ఏండ్ల వయసుల, 2013ల, రెడ్ సాక్స్ సంతకం పెట్టించుకున్నది. 2017ల ఇరవై ఏండ్లకే పెద్ద టీంల ఆడిండు. ఆ ఎండాకాలంల న్యూయార్క్ పోయి, యాంకీస్ టీం పిచర్ అరోల్డిస్ చాప్‌మన్ గంటకు 102 మైళ్లు దాటి విసిరిన బంతిని గోడ అవుతల పడేసిండు. 2018ల టీం వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు మూడో బేస్ ఈయనదే. 2024 సీజన్ అయిపోయేటాల్లకు 200 హోమ్ రన్లు. ఎడమ చేతి బ్యాటింగ్. అప్పుడు ఈ టీంల ఇంత దమ్మున్న బ్యాటర్ ఇంకొకడు లేకుండె. దీని మీద ఎవలకు పంచాయితీ లేదు.

పంచాయితీ అంతా ఎడమ చేతికి తొడిగే గ్లవ్ మీద. 2018ల 24 ఎర్రర్లు చేసిండు. పోయినేడు 12. మెరుగైండు, నిజమే. గని ఈ ఏడేండ్లల్ల అమెరికన్ లీగ్ మూడో బేస్ ఆటగాళ్ల ఎర్రర్ల లెక్క తీస్తే ఈయన పేరు ఎప్పుడు పై వరుసల్నే ఉంటది. ఎర్రర్ కూడా అసలు లెక్క కాదు. చెయ్యి అందక పోనిచ్చిన బంతి ఎర్రర్ల రాయరు, గని అవుతలోడు బేస్ మీద ఉంటడు. ఆ లెక్కలు తీసేటోళ్లు కూడా డెవర్స్‌ను కిందికెళ్లే లెక్కవెడుతున్నరు. దానికి తోడు పోయినేడు రెండు భుజాలు వాసినయి. అందుకే ఈసారి మార్చి రెండో వారం దాంక ప్రాక్టీస్ మ్యాచ్‌లకు కూడా దిగలేదు.

2025 ఫిబ్రవరి నడుమ టీం అలెక్స్ బ్రెగ్మన్‌ను తెచ్చింది. మూడేండ్లకు 120 మిలియన్ డాలర్లు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ తోని రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిచిండు. ఆయన జాగ కూడా మూడో బేస్. అది కూడా మామూలుగ కాదు, పోయినేడు అమెరికన్ లీగ్‌ల మూడో బేస్‌కు గోల్డ్ గ్లవ్ అవార్డు కొట్టింది ఆయనే. ఒక ఒరల రెండు కత్తులు.

విలేకరులు పోయి డెవర్స్‌ను అడిగిన్రు. దుబాసి నడుమ నిలవడి చెప్పిన జవాబు సూటిగ ఉండె: మూడో బేస్ నా జాగ, డీహెచ్‌కు పోను, ఒప్పందం రాసుకున్నప్పుడు నాకు ఇచ్చిన మాట ఇది. గంతే. తెల్లారి బోస్టన్ రేడియోలల్ల, పేపర్లల్ల ఒక్కటే మాట. "పొగరు." "టీం కంటె తానే ఎక్కువ అనుకుంటున్నడు." "అన్ని పైసలు తీసుకొని ఇదా?"

అన్ని పైసలు అంటే పదేండ్లకు 313.5 మిలియన్ డాలర్లు, మన లెక్కల దగ్గర దగ్గర 2,700 కోట్ల రూపాయలు. గంత పైస తీసుకునేటోని బాధ మనకెందుకు అని మీరనుకుంటరు. నేను కూడా అనుకున్న. కరువు పనికి పోయి కూలి డబ్బుల కోసం నెలల తరబడి ఎదురుచూసే మనిషికి, ఈయనకు పోలిక పెడితే పాపం తగుల్తది. నేను పోలిక పెడ్తలేను. గని మాట అనేది ఒకటి ఉంటది కద, దాని గురించి చెప్పాలె.

ఆ మాట ఎప్పుడు ఇచ్చిన్రో చూడుండ్రి. 2020 ఫిబ్రవరిల రెడ్ సాక్స్ తన ముద్దుబిడ్డ మూకీ బెట్స్‌ను లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చేసింది. 2022 డిసెంబర్ల షార్ట్‌స్టాప్ జాండర్ బొగార్ట్స్ 280 మిలియన్లకు శాన్ డియేగో పోయిండు. జనం మర్లవడ్డరు. 2023 జనవరి 2న ఫెన్‌వే పార్క్ గ్రౌండుల ఐస్ హాకీ మ్యాచ్ పెడితే, టీం యజమాని జాన్ హెన్రీని చూసి జనం అరిచి ఆగం చేసిన్రు. రెండు దినాలకే డెవర్స్ ఒప్పందం ఖాయమైందని వార్త బయటికొచ్చింది. అంటే ఎట్లున్నది? ఇల్లు కాలుతున్నప్పుడు నీళ్లు తెచ్చిపోసినోడు డెవర్స్. ఆ దినం "నువ్వు మా మూడో బేస్, నువ్వు మా మొఖం" అన్నరు. ఆ దినం ఆయన గ్లవ్ ఎట్లాంటిదో ఎవలకు తెల్వదా? ఐదేండ్ల సంది చూస్తనే ఉన్నరు కద.

తర్వాత ఏమైంది? ఆ ఒప్పందం చేసిన పెద్ద మేనేజర్ చైమ్ బ్లూమ్‌ను అదే ఏడాది సెప్టెంబర్ల తీసేసిన్రు. ఆయన జాగల క్రెగ్ బ్రెస్లో వచ్చిండు. పాత సర్పంచ్ ఇచ్చిన మాట కొత్త సర్పంచ్‌కు పట్టదు. మన ఊర్లల్ల ఎంతమందికి ఇది అనుభవం లేదు? పట్టా చేయిస్త అన్నోడు ఒకడు, ఆఫీసుల కూసున్నోడు ఇంకొకడు. (2025 మార్చిల అయితే ఏడాది సంది తెలంగాణ ఊర్లల్ల సర్పంచులే లేకుండె, స్పెషల్ ఆఫీసర్లను అడగాల్సి ఉండె. అది ఇంకొక దినం రాస్త.) నాకు కూడా ఈ దేశం వచ్చిన కొత్తల అయ్యింది. ఒక కంపెనీల ఒక మేనేజర్ "ఈ పని నీదే, రెండేండ్లు నీదే" అని చెయ్యి కలిపిండు. ఆర్నెల్లకు ఆయన వెళ్లిపోయిండు. కొత్తాయన నా పని వేరేటాయనకిచ్చి, నన్ను ఫోన్లు ఎత్తే టీంల వేసిండు. జీతం పైస తగ్గలేదు. గని పొద్దున కాళ్లు ఆఫీసుకు పడకపోతుండె. అప్పుడు మా రూమ్మేట్ గుంటూరాయన అన్నడు, "జీతం ఇస్తున్నారు గదరా, ఇంకేం కావాలి నీకు?" ఇప్పుడు డెవర్స్ మీద కూడా ఆయన మాట ఇదే. కొందరు మారరు.

ఇగ ఇంతసేపు డెవర్స్ దిక్కు మాట్లాడి, ఇప్పుడు నేను అనే మాట మీకు తిర్లమర్ల అనిపించవచ్చు. మూడో బేస్ బ్రెగ్మన్‌కే ఇయ్యాలె.

ఎందుకంటే ఈ టీం పిచర్లను చూడుండ్రి. టానర్ హౌక్, బ్రయాన్ బెయో, ఇద్దరు బంతిని కిందికి దించి నేల మీద కొట్టించేటోళ్లు. వాళ్ల బతుకు ఇన్‌ఫీల్డర్ల చేతులల్ల ఉంటది. నేల మీద దొర్లే బంతి పట్టకపోతే హౌక్ ఎంత మంచిగ విసిరినా ఫాయిదా లేదు. పోయినేడు రెడ్ సాక్స్ సరిగ్గ 81 గెలిచి 81 ఓడింది. ఎర్రర్లు వంద దాటినయి, లీగ్‌ల అందరి కంటె ఎక్కువ చేసినోళ్లల్ల ఈ టీం ఒకటి. నేను పోయిన ఎండాకాలం ఫెన్‌వేల రెండు ఆటలు చూసిన, టికెట్ పైసలు తలుసుకుంటే ఇప్పటికీ కడుపు మండుతది. ఆ రెండింట్ల ఒకటి చేజేతుల పోగొట్టుకున్నరు. బ్యాటింగ్ తోని కాదు, చేతులల్ల జారిన బంతుల తోని. గసొంటి టీం గోల్డ్ గ్లవ్ తెచ్చుకొని దాన్ని వేరే జాగల నిలవెడితే, బర్రెను కొనుక్కొచ్చి నాగలికి కట్టినట్టు ఉంటది.

వేరే జాగ అంటే రెండో బేస్. ఇదే ఇంకొక తోవ. డెవర్స్‌ను కదపొద్దు, బ్రెగ్మన్‌ను రెండో బేస్‌ల నిలవెట్టుండ్రి అని ఒక వర్గం. మేనేజర్ అలెక్స్ కోరాకు కూడా మొదట ఆ ఆలోచన ఉండె. 2017ల హ్యూస్టన్‌ల కోచ్‌గ ఉన్నప్పటి సంది బ్రెగ్మన్ ఆయనకు తెల్సు. బ్రెగ్మన్ కూడా ఎక్కడ నిలవెడితే అక్కడ ఆడుత అన్నడు. కాగితం మీద మంచిగనే కనవడ్తది. అందరికి ఇజ్జత్ దక్కుతది. గని బ్రెగ్మన్‌కు పెద్ద లీగ్‌ల రెండో బేస్ అనుభవం లేనట్టే. 2023ల రూల్ మార్చి, రెండో బేస్‌కు అటు ఇద్దరు ఇటు ఇద్దరు నిలవడాలె అని కట్టడి చేసినంక, ఆ జాగల నిలవడేటోడు ఎక్కువ నేల కాయాల్సి వస్తున్నది. 31వ ఏడు నడుస్తున్న మనిషిని, భుజం దిక్కు నుంచి ఆట మొత్తం తిర్లేసి ఆడుమంటే, రెండు జాగలు పాడైతయి. మూడో బేస్‌ల పాత ఎర్రర్లు, రెండో బేస్‌ల కొత్త ఎర్రర్లు.

రెండో బేస్‌కు ఎవలు లేకుంటె ఆ మాట వేరు. ఉన్నరు. క్రిస్టియన్ క్యాంప్‌బెల్ అనే పోరడు, అప్పటికి 22 ఏండ్లు. 2023ల నాలుగో రౌండ్‌ల తీసుకున్నరు, ఎవలు పెద్దగ పట్టించుకోలేదు. పోయినేడు చిన్న లీగ్‌లల్ల మూడు మెట్లు ఒక్క సీజన్‌ల ఎక్కిండు. సగటు 330, హోమ్ రన్లు 20, దొంగిలించిన బేస్‌లు 24. బేస్‌బాల్ అమెరికా పత్రిక చిన్న లీగ్‌లల్ల ఆ ఏటి మేటి ఆటగాడు అని ఎన్నుకున్నది. ఈ నెల ప్రాక్టీస్ మ్యాచ్‌లల్ల తడవడుతున్నడు, బ్యాట్ కొత్తగ పట్టినోని లెక్క కనవడుతున్నడు. అది చూసి కొందరు ఇంకొన్నాళ్లు కిందనే ఉంచుండ్రి అంటున్నరు. ఇరవై దినాల ప్రాక్టీస్ చూసి ఏడాది పంటను తూకం వేస్తరా? నేనైతే మొదటి దినం సంది ఆడిస్త.

ఆయన కాకుంటె వాన్ గ్రిస్సమ్. ఈ పేరు చెప్తె బోస్టన్ల పెద్దోళ్లు నెత్తి పట్టుకుంటరు. 2023 చివర్ల క్రిస్ సేల్ అనే పిచర్‌ను అట్లాంటాకు ఇచ్చి ఈయన్ని తెచ్చిన్రు. సేల్ ముసలోడైండు, పనికిరాడు అనుకున్నరు. ఆ సేల్ పోయినేడు నేషనల్ లీగ్‌ల అత్యుత్తమ పిచర్ అవార్డు సై యంగ్ కొట్టిండు. గ్రిస్సమ్ 31 ఆటలాడి సగటు 190. పోరడు మంచోడే కావచ్చు, తప్పు ఆయనది కాదు, గని ప్రతిసారి బ్యాట్ పట్టుకొని వచ్చినప్పుడు జనానికి సేలే గుర్తొస్తడు. డేవిడ్ హామిల్టన్ ఉన్నడు, ఉరుకుతడు, పోయినేడు 33 బేస్‌లు దొంగిలించిండు. చివర్ల ఉరికించడానికి ఆయన ఉండాలె.

షార్ట్‌స్టాప్ ట్రెవర్ స్టోరీ. ఇక్కడ చర్చ లేదు, మొక్కుడే ఉన్నది. ఆరేండ్లకు 140 మిలియన్ల ఒప్పందం 2022ల. ఆడిన ఆటలు: మొదటేడు 94, రెండోయేడు 43, మూడోయేడు 26. ఒక ఏడు మోచెయ్యి, ఒక ఏడు భుజం. పోయినేడు ఆయన పోయినంక సెడాన్ రఫేలా అనే అవుట్‌ఫీల్డర్‌ను పట్టుకొచ్చి షార్ట్‌స్టాప్‌ల నిలవెట్టిన్రు, అది కూడా ఎర్రర్లు పెరుగుడుకు ఒక కారణం. స్టోరీ నిలవడితే ఎడమ దిక్కు ఆయన, బ్రెగ్మన్, ఇద్దరు కలిసి గోడ లెక్క ఉంటరు. నిలవడకుంటె మార్సెలో మాయర్ అనే పోరడు కింది లీగ్‌ల తయారైతున్నడు.

డెవర్స్ డీహెచ్‌కు పోతే ఇంకొకాయన కొలువు కూడా కదుల్తది. జపాన్ నుంచి వచ్చిన మసతాక యొషిద, 90 మిలియన్ల ఒప్పందం. భుజానికి అక్టోబర్ల ఆపరేషన్ అయ్యింది, బంతి విసిరే సత్తువ ఇంకా రాలేదు, పోయినేడు డీహెచ్ ఆయనదే. ఆయన గురించి మాట్లాడేటోడు ఒక్కడు లేడు. పెద్ద చెట్టును పీకి వేరే కాడ నాటుతుంటే దాని కింద ఉన్న చిన్న మొక్కను ఎవలు చూస్తరు?

కటింగ్ షాపు పెద్దమనిషి దగ్గర ఒక బలమైన మాట ఉన్నది, దాన్ని దాటేస్తే అన్యాయమైతది. బ్రెగ్మన్ ఒప్పందం మూడేండ్లది, గని ప్రతి ఏడాది చివర నచ్చకపోతే వెళ్లిపోయే హక్కు ఉండె. డెవర్స్ ఒప్పందం 2033 దాంక. ఒక్క సీజన్ ఆడి పోయే అవకాశమున్న చుట్టం కోసం, తొమ్మిదేండ్లు ఉండే ఇంటోన్ని లేపుడు ఏం లెక్క? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటే చెప్పగల్గుత: డెవర్స్ గ్లవ్ ఎట్లయినా ఏదో ఒక దినం మూడో బేస్‌ను ఇడవాల్సిందే. 28 ఏండ్లకు రెండు భుజాలు నొస్తున్నయంటే 32కు ఎట్లుంటయో ఆలోచించుకోండ్రి. ఆ బ్యాట్‌ను కాపాడాలె అంటే గ్లవ్ బరువు దించాలె.

సరే, దించాలె. ఎట్ల దించాలె అన్నదే నా అసలు లొల్లి. వేరేటోళ్లు ఎట్ల చేసిన్రో చూస్తే తెలుస్తది. 2004ల అలెక్స్ రోడ్రిగెజ్ న్యూయార్క్ యాంకీస్‌కు వచ్చినప్పుడు అప్పటికే రెండు గోల్డ్ గ్లవ్‌లున్న షార్ట్‌స్టాప్. అంతకు ముందు ఏడు లీగ్‌ల ఎంవీపీ. ఆడ షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్, గ్లవ్‌ల ఆయన కంటె తక్కువోడే అని చానామంది అనేటోళ్లు. గని జీటర్ కెప్టెన్. వచ్చినోడే మూడో బేస్‌కు జరిగిండు. ఆట లెక్క చూస్తే తప్పు, ఇంటి లెక్క చూస్తే ఒప్పు. ఇది కటింగ్ షాపు పక్షం. ఇంకొకటి, బొగార్ట్స్. శాన్ డియేగో పోయిన ఏడాదికే, 2024 ఫిబ్రవరిల, రెండో బేస్‌కు జరుగుమంటె జరిగిండు. ఈ చలికాలం హ్యూస్టన్‌ల హొసే అల్టువే, అప్పటి ఎంవీపీ, పదేండ్లకు పైగ రెండో బేస్‌ను ఏలినోడు, బ్రెగ్మన్ ఉంటడంటె నేను లెఫ్ట్ ఫీల్డ్‌కు పోత అని తానే చెప్పిండు. బ్రెగ్మన్ ఉండలేదు గని అల్టువే 2025ల లెఫ్ట్ ఫీల్డ్‌ల ఆడిండు. మన కాడ కేఎల్ రాహుల్‌ను చూడుండ్రి. ఓపెనర్ అన్నరు, నడుమ అన్నరు, కీపింగ్ అన్నరు. 2025 మార్చి 9న చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్‌ల ఆరో నంబర్ల వచ్చి 34 కొట్టి చివరి దాంక నిలవడ్డడు. దేశమంతా చప్పట్లు. గని ఆయనను ఎన్నిసార్లు అటు ఇటు జరిపిన్రో, జరిపినప్పుడల్లా ఎన్ని మాటలన్నరో కూడా మనం చూసినం.

వీళ్లందరిని చూపించి "చూడు, వాళ్లు జరిగిన్రు, నువ్వెందుకు జరగవు" అని డెవర్స్‌ను అనుడు అల్కగ ఉంటది. గని జరిగేటోని మనసు ముందుగాల జరగాలె. అల్టువే ముందుగాల తానే చెప్పిండు, అందుకే అది త్యాగం లెక్క కనవడ్డది. డెవర్స్ సంగతిల కొత్త మనిషి సంతకమైనంక, మైకుల ముందు పాత మనిషిని అడిగిన్రు. మీ అన్నకు పొలం పంచుడు సంగతి బజార్ల తెలిస్తే ఎట్లుంటది? భూమి పంచుడు తప్పు కాకపోవచ్చు, బజార్ల తెలుసుడు తప్పు. భాష ముచ్చట కూడా ఒకటి ఉన్నది. ఆయన స్పానిష్‌ల మాట్లాడ్తడు, దుబాసి ఇంగ్లీష్‌ల చెప్తడు, పేపరోడు హెడ్డింగు పెడ్తడు. మూడు చేతులు మారిన మాట ఎంత మొరటుగ అయితదో, ఇంగ్లీష్‌ల ఆఫీస్ మెయిల్ రాసి తిట్లు తిన్న మనలాంటోళ్లకు తెల్వంది కాదు.

ఈ వారం డెవర్స్ మెత్తవడ్డడు. టీం ఏం చెప్తె అది చేస్త అన్నడు. బోస్టన్ పేపర్లు "పంచాయితీ ఖతం" అని రాసేసినయి. నాకు అట్ల అనిపిస్తలేదు. ఒప్పుకునుడు వేరు, ఒగ్గుడు వేరు. ఊర్ల పెద్దమనుషులు పంచాయితీ చెప్పినంక తల ఊపి ఇంటికి పోయిన మనిషి మొఖం చూసినోళ్లకు ఈ ఫరక్ తెల్సు.

నా లైనప్ అడిగితే ఇది: మొదటి బేస్‌ల ట్రిస్టన్ కసాస్, రెండో బేస్‌ల క్యాంప్‌బెల్, షార్ట్‌స్టాప్ స్టోరీ, మూడో బేస్‌ల బ్రెగ్మన్, డీహెచ్ డెవర్స్. బ్యాటింగ్‌ల డెవర్స్ రెండో నంబర్‌ల రావాలె, వెనుక బ్రెగ్మన్. ఫెన్‌వేల ఎడమ దిక్కు 37 అడుగుల పచ్చగోడ హోమ్ నుంచి 310 అడుగుల దూరంలనే ఉంటది, అటు దిక్కు లేపి కొట్టే బ్రెగ్మన్ లాంటి కుడి చేతి బ్యాటర్‌కు అది బంగారు గోడ.

ఈ లైనప్‌ల నాకు ఫికర్ పుట్టించే పేరు డెవర్స్ కాదు, కసాస్. 2023ల 24 హోమ్ రన్లు కొట్టి కొత్త ఆటగాళ్ల అవార్డుల మూడో స్థానంల వచ్చిండు. పోయినేడు పక్కటెముకల కాడ దెబ్బ తగిలి 63 ఆటలే ఆడిండు. చలికాలమంతా ఆయనను అమ్ముతరని పుకార్లు. ఆయన వెనుక మొదటి బేస్‌కు రోజు ఆడే మొనగాడు ఎవలు లేరు. మల్ల దెబ్బ తగిలిందనుకోండ్రి. అప్పుడు మేనేజ్‌మెంట్ ఎవలి తలుపు కొడ్తది? డీహెచ్‌ల కూసున్న డెవర్స్ తలుపే. "గ్లవ్ తీసెయ్యి" అన్న నోటి తోనే "గ్లవ్ తొడుక్కో, ఈసారి మొదటి బేస్" అనాల్సి వస్తది. ఆ దినం ఆయన ఏమంటడో మార్చిల మీరు ఆయన తోని ఎట్ల మాట్లాడిన్రో దాని మీద ఆధారపడి ఉంటది.

వచ్చే నెల మల్ల కటింగ్‌కు పోవాలె. అప్పటికి ఏప్రిల్ 4న ఫెన్‌వేల ఇంటి గ్రౌండు మొదటి ఆట కూడా అయిపోతది. ఆ పెద్దమనిషికి నా తీర్పు చెప్తనో లేదో తెల్వదు. చెప్తె కత్తి కింద పెట్టినంకనే చెప్త.